చెట్టు కొట్టే ముందు కాగితం చూడాలి



ఈ రోజు మాట చెట్ల గురించి. అడవిలో చెట్లు కాదు. కాలనీలో చెట్లు. ఇంటి ముందు నీడ ఇచ్చే చెట్టు, ప్రహరీ వెంట పెంచే పచ్చని దడి, రోడ్డు పక్క వేప, కానుగ, తురాయి.

చెట్టు నాటండి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. గోడల మీద కూడా రాస్తారు. నాటిన చెట్టును కొట్టాలంటే ఎవరిని అడగాలి? అడక్కుండా కొడితే ఏమవుతుంది? ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. చదువు వచ్చిన పెద్ద ఇళ్ళవాళ్ళకి కూడా చాలామందికి తెలియదు.

హైదరాబాదులో ఫిల్మ్ నగర్ ఉంది. పక్కనే జూబ్లీ హిల్స్. సినిమావాళ్ళ ఇళ్ళు, స్టూడియోలు అక్కడే. ఆ బంగళాల పక్కనే బస్తీలు కూడా ఉన్నాయి. ఆ సంగతి సినిమాల్లో అంతగా కనపడదు. తెల్లారేసరికి బస్తీల నుంచి ఆడవాళ్ళు బంగళాలకు పనికి వెళ్తారు. అంట్లు తోముతారు. వాకిలి ఊడుస్తారు. మొక్కలకు నీళ్ళు పెడతారు. మగవాళ్ళు కొందరు తోటపని చేస్తారు. కొందరు అడ్డా మీద కూలికి నిలబడతారు.

ఒక బంగళా ముందు చెట్టు కొట్టాలి అనుకోండి. చెట్టు ఎక్కేది ఎవరు? అడ్డా కూలి. కొమ్మలు లాగి, ఆకులు ఊడ్చేది ఎవరు? పనిమనిషి. పోలీసో అధికారో వస్తే ముందు కనపడేది ఎవరు? గొడ్డలి పట్టుకున్న మనిషి. కొట్టమన్న యజమాని లోపల ఉంటాడు. ఒక్కోసారి వేరే ఊళ్ళో ఉంటాడు. అందుకే ఈ చట్టం బంగళావాళ్ళకు ఎంత అవసరమో, బస్తీవాళ్ళకు అంతకన్నా ఎక్కువ అవసరం.

ఆ చోటు ఒకప్పుడు ఎట్లా ఉండేదో చూడండి. అంతా రాళ్ళగుట్టలు. 1960ల్లో చల్లగళ్ళ నరసింహం అనే అధికారి చొరవతో ఒక సహకార సంఘం ఏర్పడింది. ఆ సంఘం గుట్టల మీద ప్లాట్లు వేసింది. ఈ రాళ్ళలో ఎవరుంటారు అనుకున్న రోజులవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు దగ్గర్లోనే అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఇళ్ళు లేచాయి. ఇళ్ళతో పాటు చెట్లూ పెరిగాయి. రాతినేలలో గుంట తవ్వి, మట్టి తెచ్చి పోసి, నీళ్ళు మోసి పెంచిన చెట్లు అవి. ఆ మట్టి, ఆ నీళ్ళు మోసింది కూలి జనమే. ఇప్పుడు ఆ చెట్లకు ముప్పై, నలభై ఏళ్ళు. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు ముందు పోయేది ఆ చెట్టే.

ఇట్లాంటిదే ఒక సంగతి 2021 ఫిబ్రవరిలో సైదాబాదులో జరిగింది. సైదాబాదు కూడా హైదరాబాదులోదే. అక్కడ ఒకాయన కొత్త ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. స్థలంలో పెద్ద వేపచెట్టు ఉంది. దాదాపు నలభై ఏళ్ళ చెట్టు. ఆయన ఎవరినీ అడగలేదు. అనుమతి తీసుకోలేదు. చెట్టు కొట్టించేశాడు.

దాన్ని ఒక పిల్లవాడు చూశాడు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. అటవీ శాఖకు ఫోను చేశాడు. చెట్టు కొట్టేశారు, వచ్చి చూడండి అని చెప్పాడు. అధికారులు వచ్చారు, విచారించారు. అనుమతి లేదని తేలింది. ఎంత జరిమానా వేశారో తెలుసా? 62,075 రూపాయలు. అక్షరాలా అరవై రెండు వేల డెబ్బై అయిదు రూపాయలు. చెట్టు ఆయన స్థలంలోదే. అయినా కట్టాల్సి వచ్చింది.

నా స్థలం, నా చెట్టు, నా ఇష్టం అంటే ఎందుకు కుదరలేదు? చట్టం ఉంది కాబట్టి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ఒక చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్లు, ఈ మూడింటి రక్షణకు వచ్చిన చట్టం అది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని 'వాల్టా' అంటారు. బోరు వెయ్యటానికి అనుమతి కావాలని చెప్పేది కూడా ఈ చట్టమే. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ ఇది నడుస్తూనే ఉంది.

చెట్టు గురించి వాల్టా చెప్పేది ఇది. సొంత స్థలంలో ఉన్నా సరే, చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇచ్చేది అటవీ శాఖ అధికారి. రైతులు పంటగా పెంచి అమ్ముకునే కొన్ని రకాల చెట్లకు సడలింపులు ఉన్నాయి. ఇంటి ముందు వేప, రావి, మర్రి, చింత వంటి చెట్లను ఆ లెక్కలో వేసుకోకూడదు.

అనుమతి ఎట్లా తీసుకోవాలి? దరఖాస్తు పెట్టాలి. ఇప్పుడు తెలంగాణలో కంప్యూటరు ద్వారా కూడా పెట్టవచ్చు. ఏ చెట్టు, ఎక్కడ ఉంది, ఎందుకు కొట్టాలి అనేది రాయాలి. అధికారి వచ్చి చూడాలి. చెట్టు ఎండిపోయిందా? లోపల పుచ్చిపోయిందా? ఇంటి మీద పడేట్టు ఉందా? లేక ఆకులు రాలి కారు పాడవుతోందని కొట్టమంటున్నారా? ఆకులు రాలటం చెట్టు తప్పు కాదు కదా. కొట్టక తప్పదు అనుకుంటే అధికారి కాగితం ఇస్తాడు. బదులు మొక్కలు నాటమని షరతు పెడతాడు. కొన్ని చెట్లను వేళ్ళతో సహా తీసి వేరే చోట నాటమంటారు. మర్రి, రావి వంటివి అట్లా నాటినా మళ్ళీ చిగురిస్తాయి. అయితే వేళ్ళ చుట్టూ మట్టిముద్ద చెదరకుండా తియ్యాలి. నాటాక నెలల తరబడి నీళ్ళు పొయ్యాలి. ఫొటో దిగి వదిలేసిన చెట్లు ఎండిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ కాగితం చదవటం.

తోటపని చేసే ఒక భార్యాభర్తలు ఉన్నారనుకోండి. మేస్త్రి వచ్చి పిలిచాడు.

"రేపు పొద్దున్నే ఒక చెట్టు కొట్టాలి. ఇద్దరికీ కూలి డబుల్ ఇస్తా."

"కాగితం ఉందా అన్నా?" అని ఆమె అడిగింది.

"ఏం కాగితం?"

"ఫారెస్టోళ్ళ కాగితం."

"సారు చూసుకుంటడులే. నీకెందుకు?"

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. సారు చూసుకుంటాడు అన్న మాట కాగితం కాదు. ఆదివారం కొట్టమన్నా, చీకటిపడ్డాక కొట్టమన్నా, పండగ రోజు కొట్టమన్నా కొంచెం అనుమానించాలి. అనుమతి ఉన్నవాడికి చీకటితో పనేముంది?

కాగితం చూపిస్తే చేతిలోకి తీసుకుని చదవాలి. ఇంగ్లీషులో ఉంటే బడికెళ్ళే పిల్లల చేత చదివించుకోవాలి. కింద అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా? ఏ ఇల్లు, ఏ వీధి? ఆ చిరునామా, నిలబడ్డ చోటు ఒకటేనా? ఎన్ని చెట్లు? అంకె మీద వేలు పెట్టి చూడాలి. కాగితంలో 1 అని ఉంటే రెండో చెట్టు జోలికి వెళ్ళకూడదు. ఒక చెట్టుకు అనుమతి తెచ్చి మూడు కొట్టించటం పాత పద్ధతే. తేదీ కూడా చూడాలి. కొమ్మలు కొట్టమని రాశారా, చెట్టు కొట్టమని రాశారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కొమ్మలకు తెచ్చిన అనుమతితో మొదలు నరకకూడదు.

కొందరు గొడ్డలి పట్టకుండానే చెట్టును చంపుతారు. మొదట్లో యాసిడ్ పోస్తారు. బెరడు చుట్టూరా చెక్కేస్తారు. వేళ్ళ దగ్గర చెత్త వేసి నిప్పు పెడతారు. కొన్నాళ్ళకు చెట్టు ఎండిపోతుంది. అప్పుడు, "ఎండిన చెట్టు, కొట్టేస్తాం" అని దరఖాస్తు పెడతారు. చెట్టు మొదట్లో ఏదన్నా పొయ్యమని పనిమనిషికి సీసా ఇస్తే, అందులో ఏముందో అడిగి తెలుసుకోవాలి. అది చెట్టుకే కాదు, పోసే చేతులకూ, కళ్ళకూ ప్రమాదం.

దడి సంగతి వేరే. దడి అంటే ప్రహరీ వెంట వరుసగా పెంచే పొదలు. గోరింట, మందార, డురాంటా, కాగితాల పూల తీగ ఇట్లాంటివి. వీటిని ఎప్పటికప్పుడు కత్తిరిస్తూనే ఉండాలి. కత్తిరించిన ప్రతిసారీ అటవీ శాఖకు పోనక్కర లేదు. పూర్తిగా పీకెయ్యాలంటే మాత్రం ఆలోచించాలి. 2012లో హైదరాబాదుకు, మిగతా పట్టణాలకు ఇళ్ళ కట్టడం నియమాలు వచ్చాయి. 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 360 గజాలు దాటిన స్థలంలో కనీసం రెండు పక్కల మీటరు వెడల్పున పచ్చని మొక్కల వరుస ఉండాలని ఆ నియమాల్లో పెట్టారు. దాన్ని పెంచకపోతే ఏటా ఇంటి పన్ను మీద నూటికి పది చొప్పున అదనంగా వెయ్యవచ్చని రాశారు. దడి పీకేసి అక్కడ కారు పెట్టుకుందాం అనుకునేవాళ్ళకు ఈ నియమం చెప్పాలి.

అపార్టుమెంటులో, కాలనీ పార్కులో ఉన్న దడి ఒకరిది కాదు. సంఘం అందరిదీ. అధ్యక్షుడు ఒక్కడే నిర్ణయించి పీకించటం పద్ధతి కాదు. మీటింగు పెట్టాలి, తీర్మానం పుస్తకంలో రాయాలి. అందులో చెట్లు ఉంటే తీర్మానం ఒక్కటే చాలదు, అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. అందరూ ఒప్పుకున్నారు అన్నంత మాత్రాన చట్టం పక్కకు పోదు.

దడి కత్తిరించే ముందు లోపలికి తొంగి చూడాలి. పికిలి పిట్టలు పొదల్లోనే గూడు కడతాయి. గుడ్లుంటే, పిల్లలుంటే ఆ కొస కొన్నాళ్ళు వదిలెయ్యాలి. మొదట్లో కర్రతో తట్టి చూడాలి, పాములుంటాయి.

ఇరుగు పొరుగు తగాదాలు కూడా దడి దగ్గరే మొదలవుతాయి. మా ఇంటికి వెలుతురు రావటం లేదని ఒకరు, మా మొక్క ముట్టుకోవద్దని ఇంకొకరు. ఇది ఇక్కడే కాదు, ఇంగ్లండులోనూ ఉంది. అక్కడ 2003లో చేసిన ఒక చట్టంలో దీనికీ నియమాలు పెట్టారు. దడి రెండు మీటర్లు దాటి పెరిగి పక్కింటివాళ్ళకు ఇబ్బంది అయితే ఫిర్యాదు చెయ్యవచ్చు. అధికారులు ఎత్తు తగ్గించమంటారు. పూర్తిగా పీకెయ్యమనటానికి మాత్రం వాళ్ళకు అధికారం లేదు. వెలుతురు కావాలి, పచ్చదనమూ పోకూడదు. మంచి ఏర్పాటే.

ఒక ప్రశ్న రావచ్చు. చెట్టు ఇంటి మీద పడేట్టు ఉంటే? కాగితం వచ్చేదాకా దాని కింద పడుకోవాలా?

అక్కర లేదు. మనిషి ప్రాణం ముందు. ఎండాకాలం చివర ఈదురుగాలి వచ్చినప్పుడు హైదరాబాదులో ప్రతి ఏడూ చెట్లు పడతాయి. తురాయి కొమ్మ పెళుసు, తేలిగ్గా విరుగుతుంది. విరిగిన కొమ్మ కరెంటు తీగ మీద పడితే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తడికర్రతో అసలే కదపకూడదు. కరెంటు ఆఫీసు నంబరు 1912. దానికి ఫోను చెయ్యాలి. రోడ్డు మీద చెట్టు అయితే కార్పొరేషనువాళ్ళకు చెప్పాలి. చెట్ల పని చూసేందుకు కార్పొరేషనులో ఒక విభాగమే ఉంది. ఎండాకాలంలోనే చెట్టును ఒకసారి చూసి, ఎండుకొమ్మలు తీయించుకుంటే గాలివానకు భయం తగ్గుతుంది. బాగున్న చెట్టుకు ఒక పక్క కొమ్మలన్నీ కొట్టేస్తే బరువు రెండో పక్కకు పోయి, చెట్టు ఆ పక్కకే ఒరుగుతుంది. కరెంటు తీగల కింద ఇట్లాంటి వంకర చెట్లు చాలా ఉన్నాయి.

చెట్లు పడటానికి ఇంకో కారణం ఉంది. మొదలు చుట్టూ సిమెంటు వేస్తారు. నీరు దిగదు, గాలి ఆడదు. పైపుల కోసం తవ్వి వేళ్ళు తెగ్గొడతారు. తర్వాత, చెట్టు బలం లేదు అంటారు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనే కోర్టు ఢిల్లీవాళ్ళకు ఒక ఆజ్ఞ ఇచ్చింది. చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసెయ్యాలంది. వాకిలి ఊడ్చే మనిషి గమనించగల సంగతి ఇది. కొత్తగా టైల్స్ వేయిస్తుంటే, "మేడమ్, చెట్టు చుట్టూ కొంచెం మట్టి వదలమనండి" అని చెప్పవచ్చు. వింటే చెట్టు బతుకుతుంది.

ఏ చెట్టయినా ఉంచాల్సిందేనా అంటే, కాదు. కోనోకార్పస్ అనే మొక్క ఉంది. గబగబా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. అందుకని రోడ్ల మధ్య, ప్రహరీల వెంట దడిగా తెగ నాటారు. దాని పుప్పొడి వల్ల కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయనీ, వేళ్ళు పైపుల్లోకి పోతాయనీ అన్నారు. తెలంగాణ ప్రభుత్వం, తర్వాత 2023లో గుజరాత్ ప్రభుత్వం ఇక దాన్ని నాటవద్దన్నాయి. కొత్తగా నాటవద్దు అన్నారని, ఉన్నదాన్ని ఎవరికి వాళ్ళు రాత్రికి రాత్రి నరకటం మాత్రం సరి కాదు. పెరిగి చెట్టయినదానికి అడిగే తీరాలి.

ఇన్ని నియమాలు పేదవాళ్ళకూ, మధ్యతరగతివాళ్ళకేనా, పెద్దవాళ్ళకు లేవా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోర్టుల్లో కొంత దొరికింది. ఉత్తరప్రదేశ్‌లో మధుర దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో 454 చెట్లు అనుమతి లేకుండా కొట్టేశారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున కట్టమంది. అదే ఏడు ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలి సంగతి వచ్చింది. ఫిల్మ్ నగర్‌కు అది ఎంతో దూరం కాదు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో ప్రభుత్వం బుల్డోజర్లతో చెట్లు కొట్టించింది. విద్యార్థులు అడ్డుపడ్డారు. సుప్రీంకోర్టు తనంత తానే కేసు తీసుకుని పని ఆపించింది. అడగాల్సినవాళ్ళలో ప్రభుత్వం కూడా ఉంది.

జూబ్లీ హిల్స్ నడుమ కేబీఆర్ పార్కు ఉంది. ఒకప్పుడు నిజాం వారసుడి ప్యాలెస్ ఉన్న తోట. 1998లో జాతీయ పార్కు అయింది. నెమళ్ళు తిరుగుతాయి. 2016లో ఆ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కట్టాలని, దానికి చెట్లు కొట్టాలని పథకం వేశారు. జనం వచ్చి చేతులు పట్టుకుని నిలబడ్డారు. హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. అప్పటికి ఆగింది. కొన్నేళ్ళకు పథకం పేరు మార్చుకుని మళ్ళీ వచ్చింది. చెట్టును ఒకసారి కాపాడితే సరిపోదు.

చెట్టు కోసం నిలబడ్డ ఆడవాళ్ళ పేరు చెప్పాలంటే గౌరాదేవి పేరు చెప్పాలి. హిమాలయాల్లో రేణి అనే ఊరు. 1974 మార్చి. మగవాళ్ళు పని మీద ఊరు దాటి వెళ్ళారు. అదను చూసి కంట్రాక్టరు మనుషులు గొడ్డళ్ళతో అడవికి వచ్చారు. గౌరాదేవి ఊళ్ళో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళింది. చెట్లకు అడ్డం నిలబడ్డారు. వచ్చినవాళ్ళు వెనక్కి పోయారు. గౌరాదేవి బడి చదువు చదువుకోలేదు. అప్పుడు అక్కడ చూపించి అడగటానికి చెట్టు పక్షాన చట్టమూ లేదు. ఇప్పుడు చట్టం ఉంది, చదువూ వచ్చింది. చెట్టును కావలించుకోనక్కర లేదు. కాగితం అడిగితే చాలావరకు పని ఆగుతుంది.

కాగితం లేకుండా కొడుతుంటే ఏం చెయ్యాలి? గొడవ పడవద్దు. పనిచేసే ఇంట్లోవాళ్ళే కొట్టిస్తుంటే నోరు విప్పటం కష్టం. పని పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం తప్పు కాదు. అట్లాంటప్పుడు సంఘం తరఫున, నలుగురి పేరుతో చెప్పాలి. అటవీ శాఖకు ఫోను చెయ్యవచ్చు. ఉత్తరం రాయవచ్చు. ఉత్తరం ఇట్లా ఉంటే చాలు:

"అటవీ శాఖ అధికారి గారికి,
మా వీధిలో ఫలానా నంబరు ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. ఫలానా తేదీ సాయంత్రం నుంచి దాన్ని కొడుతున్నారు. అనుమతి కాగితం అడిగితే చూపించలేదు. మీరు వెంటనే వచ్చి చూడవలసిందిగా కోరుతున్నాము.
ఇట్లు, మహిళా సంఘం సభ్యులు."

కింద అందరూ సంతకాలు చెయ్యాలి. ఉత్తరం రెండు కాపీలు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. "రేపు రా, వేస్తాం" అంటే అక్కడే కూచోవాలి. ముద్ర వేసిన కాపీని రేషను కార్డుతో పాటు పెట్టెలో దాచుకోవాలి. వారం దాటినా ఎవరూ రాకపోతే, ఆ కాపీ పట్టుకుని పై ఆఫీసుకు వెళ్ళాలి.